మైకులో మా ఆయన పేరు

మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. నేనూ పిలవను. అది మా పద్ధతి, అందులో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఊరివాళ్లతోనే. పేరు పెట్టి పిలవగలిగినవాళ్లు కూడా మా ఆయన పేరు మరిచిపోయారు. రైతులకు ఆయన గొర్లాయన. పటేలింట్లో మంద తోలే మందోడు. కిరాణా కొట్టులో "గా గొంగడాయన". వాళ్ల నాయన మొక్కు మొక్కి పెట్టుకున్న పేరు మా బండమీదిపల్లెలో వాడేవాళ్లు లేక తుప్పు పట్టిపోయింది.

నా పేరు గుర్వమ్మ. నా పేరుకు ఆ కష్టం రాలేదు. నా నోటికి జడిసి అందరూ బాగానే గుర్తుపెట్టుకున్నారు.

చైనా యుద్ధం ఆగిన ఏడు చలికాలం. యుద్ధమైతే ఆగింది గానీ జవాన్లు ఇంకా మంచు కొండల మీదనే ఉన్నారని రేడియోలో చెబుతున్నారట. మక్తల్ బడిలో డ్రిల్లు నేర్పే ఏసోబు సారు ఒక పొద్దున సైకిలు మీద మా ఊరికి వచ్చాడు. ఒకప్పుడు మిలిట్రీలో చేసిన మనిషి. మీసం, నడక ఇంకా మిలిట్రీలోనే ఉన్నాయి. చావడి ముందర జనాన్ని పోగేసి సంగతి చెప్పాడు.

"జవాన్లు కప్పుకునేటందుకు గొంగళ్లు, రగ్గులు పోగు చేస్తున్నం. అందుకోసం మక్తల్‌ల సంతనాడు పరుగు పందెం పెడ్తున్నం. ఊరికొక్కరు ఉరకాలె. రాతివాగు వంతెన కాడికెళ్లి మక్తల్ బజారు దాక, ఆరు మైళ్లు. మీ ఊరి తరఫున ఇచ్చే గొంగడి భుజం మీదేసుకొని ఉరకాలె. చివరిదాక చేరిన మనిషికి పది లెక్కన బజారు షావుకార్లు ఇంకిన్ని రగ్గులు ఇస్తమన్నరు. చేరనోని లెక్క మాత్రం ఇయ్యరు."

"ముందుగాల వచ్చినోనికి ఏమిస్తరు సారూ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏమియ్యం. జవాన్ల కోసం ఉరికి మల్ల మనమే తీసుకుంటమా? మైకుల పేరు చదువుతం, గంతే."

మైకు అన్న మాట దగ్గర నా చెవులు నిలబడ్డాయి. టూరింగు సినిమావాళ్లు వచ్చినప్పుడు దాని గొంతు విన్నాను. ఒక్క పేరు చెబితే వాగు అవతలికి వినబడుతుంది. మక్తల్ సంతనాడు మైకు ఒక పేరు పలికిందంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ పేరు వింటాయి. తుప్పు వదలగొట్టడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదనిపించింది.

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడికి జొన్నచేను కాపలా ఉందట. ఒకడికి నడుము పట్టిందట. మా చేని పక్క రైతు బుచ్చయ్య మీసాల్లో నవ్వుతూ, "గొర్లాయనను పంపున్రి. దినమంత నడుసుడే గద ఆయన పని" అన్నాడు. అందరూ నవ్వారు.

"పంపుతం. రాసుకో సారూ" అన్నాను.

నవ్వులు ఆగాయి. సారు మా ఊరి పేరు రాసుకొని సైకిలెక్కాడు. ఈ ముచ్చట్లేవీ ఎరగని మా ఆయన ఆ సమయానికి గుట్ట మీద మంద దగ్గర ఉన్నాడు. పొద్దుగూకి వచ్చాక చెప్పాను. అంబలి తాగుతూ మొత్తం విన్నాడు.

"నేనెన్నడు ఉరకలే గదనే" అన్నాడు.

అది నిజమే. మా ఆయన నడిచినంత దూరం ఈ తాలూకాలో ఎవరూ నడిచి ఉండరు. మేతకరువైన ఏడు మందను కృష్ణ ఒడ్డు దాకా తోలుకుపోయి, మళ్లీ వాన పడ్డాకే తిరిగి వస్తాడు. కానీ ఉరకడం ఎరగడు. కాపరి ఉరికితే ఏదో ఆపద వచ్చిందనుకొని మందంతా పరుగు లంకించుకుంటుంది. అందుకని మా ఇళ్లల్లో పిల్లవాడికి కర్ర చేతికిచ్చిన రోజునే కాళ్లకు నిదానం కూడా నేర్పిస్తారు.

మొదటి రోజు మా ఆయన కిర్రుచెప్పులు తొడుక్కొని, కర్ర పట్టుకొని, భుజాన గొంగడి వేసుకొని ఉరికాడు. ఆ చెప్పుల చప్పుడుకు వాడలోని కుక్కలన్నీ లేచాయి. ఎవరిల్లు అంటుకుందోనని ముసలి జానమ్మ నీళ్ల బిందెతో బయటికి వచ్చింది. ఇదంతా ఒక ఎత్తు, మంద ఒక ఎత్తు. దొడ్డి తడిక తోసుకొని ఒక్కటి మిగలకుండా ఆయన వెంటపడింది. ఆయన ఉరికితే అవీ ఉరికాయి. ఆయన ఆయాసంతో ఆగితే అవీ ఆగాయి. ఆగింది ఎక్కడంటే బుచ్చయ్య జొన్నచేలో.

ఆ పొద్దున బుచ్చయ్య నోరు, నా నోరు ఊరంతా విన్నది. "పంపమని సలహా ఇచ్చినోనివి నువ్వే, ఇగ మేపు" అని నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాటి నుంచి చెప్పులూ కర్రా చూరులో పెట్టించాను. మందను నేను తోలుకుపోతుంటే ఆయన ఉత్త కాళ్లతో బాట మీద ఉరికేవాడు. మొదట్లో ఒక మైలురాయి కూడా దాటలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగిపోయేవాడు. డొక్కలో పొడుస్తున్నదనేవాడు. సాయంత్రం పిక్కలకు ఆముదం రాసి మర్దన చేసేదాన్ని, రాసినంతసేపూ తిట్టేదాన్ని. "ఎందుకొచ్చిన బాధనే ఇది" అంటే, "జవాన్లు సలికి సస్తున్నరు, నీకు పిక్కల నొప్పా" అనేదాన్ని. జవాన్ల మాట ఎత్తితే మళ్లీ మాట్లాడేవాడు కాదు. నా మనసులో జవాన్లతో పాటు మైకు కూడా ఉందని ఆయనకు చెప్పలేదు గానీ, ఆయనకు తెలియకుండా ఉంటుందా.

వారానికోసారి ఏసోబు సారు వచ్చి ఊపిరి ఎట్లా తీయాలో, మిట్ట ఎక్కేటప్పుడు అడుగులెట్లా చిన్నవి చేయాలో చూపించేవాడు. మా ఆయన చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. మెల్లగా ఒక రాయి దాటాడు, ఇంకొకటి దాటాడు. ఒకనాడు గుట్ట మీద నిలబడి కిందికి చూశాను. నల్ల గొంగడి వేసుకున్న మనిషి ఒకడు బాట మీద హాయిగా ఉరికిపోతున్నాడు. ఎవరబ్బా ఇంత అందంగా ఉరుకుతున్నది అనుకున్నాను. చూస్తే మా ఆయనే. చెప్పుకోవడానికి పక్కన మనుషులెవరూ లేక, పొట్టేలుకు చెప్పాను.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. పందెం ఇంకా కొన్నాళ్లుందనగా సారు చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పిలిచి ఒకసారి ఉరికించి చూశాడు. మా పుట్టింటి ఊరి తరఫున నా తమ్ముడు పెద్దులు కూడా వచ్చాడు. అందరూ బయలుదేరారు. మా ఆయన అందరికన్నా వెనక. అలసిపోయాడా అంటే ఒంటి మీద చెమట లేదు, రొప్పు లేదు. ముందున్నవాడు నెమ్మదిస్తే ఈయనా నెమ్మదిస్తాడు. వాడు కాళ్లు సాగదీస్తే ఈయనా సాగదీస్తాడు. దాటి మాత్రం పోడు.

"కాళ్లల్ల సత్తువున్నది, రొమ్ముల దమ్మున్నది. ముందటికెందుకు పోతలేవు తమ్మీ?" అని అడిగాడు సారు.

"ముందటికి పోతే ఎన్కున్నోళ్లు ఏమైతున్నరో ఎట్ల తెలుస్తది సారూ?" అన్నాడు మా ఆయన.

సారు మీసం దువ్వుకున్నాడు. పెద్దులు మాత్రం పొట్ట పట్టుకొని నవ్వాడు. "మనమంత బావకు గొర్లమే" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

కాపరి జాగా మంద వెనక. కుంటిది, ఈనబోయేది, నిన్నమొన్న పుట్టింది వెనకబడతాయి. వాటి కోసమే కాపరి ఉన్నది, బలంగా ఉన్నవి వాటంతటవే పోతాయి. ఇదంతా నాకు తెలియక కాదు. కానీ వెనక వచ్చినవాడి పేరు మైకులో చదవరు గదా. ఆ సాయంత్రం నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన ఉన్ని ఏకుతూనే ఉన్నాడు. చివరికి నా గొంతు పోయింది, ఆయన ఉన్ని అయిపోయింది.

తెల్లవారేసరికి నాకొక ఉపాయం తట్టింది. మంద విప్పుతూ, "ఇయ్యాల నువ్వు మందకు ముందట ఉరుకు. ఎన్క నేనుంట" అన్నాను.

"అన్నిటిని నువ్వే సూస్తవా?"

"సూస్త. ఒక్కటి తప్పినా నన్నడుగు. నువ్వు మాత్రం తిరిగి సూడకు."

మొదట్లో నాలుగడుగులకోసారి మెడ తిప్పేవాడు. తిప్పినప్పుడల్లా తగలకుండా ఒక చిన్న రాయి విసిరేదాన్ని. రెండు మూడు రోజులకు మెడ తిప్పడం తగ్గింది. ముందు ఆయన, వెనక దుమ్ము రేపుకుంటూ మంద, ఆ దుమ్ము తింటూ చీరె కచ్చ పోసుకొని నేను. ఊరివాళ్లు గట్ల మీద నిలబడి చూసేవారు. చూస్తే చూడనీ. ఆయన ఉరికే వేగానికి మంద అందుకోలేక అరిచే రోజు వచ్చింది. అయినా తిరిగి చూడలేదు. వెనక నేనున్నానని అంత నమ్మకం. ఆ వీపు చూసుకుంటూ ఉరుకుతుంటే నాకు దుమ్ము కూడా తియ్యగానే ఉండేది.

పందేనికి తీసుకుపోయే గొంగడికి నూలు నేనే వడికాను. నల్ల గొర్రెల ఉన్ని ఏరి ఏరి తీశాను. మా ఆయన నేశాడు. చింతగింజల గంజి పెట్టి ఎండబెట్టాం. దాని మీద వాన చుక్క పడితే పైనుంచే జారిపోతుంది. ఎవరో తెలియని జవాను ఒకడు దాన్ని కప్పుకొని వెచ్చగా ఉంటాడని అనుకుంటే, మడత పెట్టేటప్పుడు చేత్తో రెండుసార్లు ఎక్కువే నిమిరాను.

పందెం పొద్దున నేను బుచ్చయ్య బండిలో మక్తల్ పోవాలి, ఆయన వంతెన దగ్గరికి పోవాలి. బండెక్కబోతుంటే ఒక్క మాట అడిగాడు.

"ఇయ్యాల ఎన్క ఎవలుంటరు?"

"ఎవలో ఒకలు ఉంటరు తియ్యి. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను మైకు కాడ ఉంట" అన్నాను.

ఆయన తలూపి వంతెన దిక్కు వెళ్లిపోయాడు.

మక్తల్ బజారులో పందిరి వేశారు. పక్కన లారీ నిలబెట్టారు. షావుకార్లు కుర్చీల్లో కూర్చున్నారు. కర్రకు కట్టిన మైకు బాకా చూసుకొని సరిగ్గా దాని కిందనే చోటు పట్టాను. అక్కడ ఉల్లిగడ్డలమ్మే బిక్షమ్మ అనే ఆమె కొంచెం జరిగి జాగా ఇచ్చింది. ఎండ ఎక్కుతుండగా రాతివాగు మీదుగా వచ్చే బస్సు ఆగింది. కండక్టరు దిగుతూనే, "నల్ల గొంగడాయన ఒకాయన ముందట ఉన్నడు. ఎన్కోళ్లు కనవడ్తనే లేరు" అన్నాడు.

"మా ఆయనే" అన్నాను బిక్షమ్మతో. ఆమె అడక్కముందే అన్నాను.

"అవునా, ఏం పేరు?"

"జర ఆగు. మైకే చెప్తది."

అటు పక్క చెరుకు రసం అమ్మేవాడికీ చెప్పాను, లారీ డ్రైవరుకూ చెప్పాను. చెప్పనివాళ్లు మిగల్లేదు. అంతలో బజారు మలుపులో కేకలు లేచాయి. చీరె సర్దుకొని నిలబడ్డాను. ఒక మనిషి ఉరుక్కుంటూ వచ్చాడు. మా తమ్ముడు పెద్దులు.

మైకువాడు వాడి దగ్గరికి పోయి పేరు అడిగి తెలుసుకున్నాడు. "మొదట వచ్చినాయన పెద్దులు, పెద్దులు" అని బాకా రెండుసార్లు అరిచింది. సొంత తమ్ముడు. నాకు సంతోషం కావాలి. కాలేదు. పోయి వాడి భుజం పట్టుకున్నాను.

"మీ బావ ఏడిరా?"

వాడు ఊపిరి తీసుకొని చెప్పాడు. "మిట్ట కాడ నన్ను దాటిపోయిండక్కా. మల్ల కనవడలే. ఇగ బావే ఫస్టు అనుకున్న. ఆఖరి మైలురాయి కాడికి వచ్చేవరకు నాకు ఎదురుంగ వస్తున్నడు, ఎన్కకు. ఏమైంది బావా అంటే, నువ్వు మంచిగనే ఉన్నవు, నువ్వు పో అన్నడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరి రాయి దగ్గర. చెయ్యి చాపితే అందే దూరంలో. ఒకరొకరే వస్తున్నారు, మా ఆయన లేడు. "మీ ఆయన పేరు మైకు ఇంక చెప్పకపాయె" అంది బిక్షమ్మ. మంచిదే పాపం, కానీ ఆ నిమిషంలో ఆమె ఉల్లిగడ్డల గంప తన్నాలనిపించింది.

పొద్దు వాలింది. రావడం ఆగిపోయింది. సగం ఊళ్లవాళ్లే చేరారు. షావుకార్లు కుర్చీల్లోంచి లేచారు. "ఇగ వచ్చేటోళ్లు లేరు సారూ. వచ్చినోళ్ల లెక్కకు రగ్గులు తీసుకోన్రి" అన్నారు. సగం ఖాళీగా ఉన్న లారీని చూసి ఏసోబు సారు మొహం చిన్నబోయింది. "పొద్దు గూకేదాక ఆగున్రి. నేను మొక్కుత" అన్నాడు. మిలిట్రీ మనిషి అట్లా బతిమాలుతుంటే చూడలేకపోయాను.

ముందు నాకు చప్పుడు వినబడింది. "హోయ్, హుర్ర్" అంటున్న గొంతు. బజారులో ఎవరికీ అర్థం కాలేదు గానీ అది నేను ఇరవై ఏళ్లుగా వింటున్న గొంతు. మలుపులో దుమ్ము కనబడింది. దుమ్ములోంచి మనుషులు వచ్చారు. ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు, కొందరు ఉరుకుతూ, కొందరు నడుస్తూ. చివర బాలయ్య అనే లావుపాటి మనిషి, పాదానికి తువ్వాల కట్టుకొని కుంటుతున్నాడు. ఆ చివరకు చివర మా ఆయన. అలసినవాళ్ల గొంగళ్లూ రగ్గులూ అన్నీ ఆయన రెండు భుజాల మీదనే ఉన్నాయి. ఎక్కడ విరిచాడో, చేతిలో తుమ్మకొమ్మ. ఎవడైనా పక్కకు ఒరిగితే కొమ్మ చాపి బాటలోకి తెస్తున్నాడు.

బజారు మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. సున్నపు గీత దగ్గరికి రాగానే మా ఆయన పక్కకు తప్పుకొని, దొడ్డి వాకిట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒక్కొక్కరి వీపు తట్టి గీత దాటించాడు. బాలయ్య దాటాక ఒకసారి వెనక్కి తిరిగి బాటంతా చూశాడు. ఎవరూ మిగల్లేదని నిమ్మళపడి, అప్పుడు తాను దాటాడు. ఎవరు మొదలుపెట్టారో గానీ చప్పట్లు బజారు ఆ చివర దాకా పోయాయి.

ఏసోబు సారు రాసుకున్న ఊళ్లన్నీ చదువుకుంటూ వచ్చాడు. "ఒక్కడు తప్పలే" అన్నాడు షావుకార్ల దిక్కు తిరిగి. వాళ్లు మూసిన దుకాణాలు మళ్లీ తెరవాల్సి వచ్చింది. రగ్గుల కట్టలు లారీలోకి ఎక్కుతూనే ఉన్నాయి.

నేను మా ఆయన దగ్గరికి పోయాను.

"అందరికన్న ముందట ఉంటివంట గద."

"ఉంటి. ఆఖరి రాయి కాడ ఎన్కకు సూసిన. నువ్వు లేవు."

"లేకుంటే?"

"ఎన్క ఎవ్వలు లేకుంటే ఎట్లనే? సూసొద్దమని పోయిన. గా బాలయ్య బాట పక్కన కూసున్నడు, ఆయనను సూసి ఇంకొకడు, వాన్ని సూసి ఇంకొకడు. ఒకటి కూసుంటే అన్ని కూసుంటయి. నీకెర్క లేదా?"

ఎరుకే. మందెనక నడిచిన ప్రతి రోజూ ఎరుకే. తిట్లు నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. బాలయ్య అక్కడే చతికిలబడి నీళ్లు తాగుతూ, "గీయన లేకుంటే నేను గాడనే పండుకుంటుంటి తల్లీ" అన్నాడు. మా ఆయన కాళ్ల దిక్కు చూశాను. మడమలు పగిలి నెత్తురు చారలున్నాయి. ఈ మనిషి నా మొగుడు అనుకున్నాను. ఆ బజారులో అంత మంది ఆడవాళ్లున్నారు, ఏ ఒక్కరికీ అట్లాంటి మొగుడు లేడు.

సారు మైకువాణ్ణి పిలిచి, "ఆఖరికి వచ్చినాయన పేరు గూడ చదువు. అందరికి వినవడాలె" అన్నాడు. వాడు తీగ ఈడ్చుకుంటూ వచ్చి, "పేరేందన్నా?" అని మైకు మా ఆయన మూతి దగ్గర పెట్టాడు. ఆయన తేలును చూసినట్టు ఒకడుగు వెనక్కి వేశాడు. తన పేరు తాను జనంలో చెప్పుకునే మనిషి కాడు. నా దిక్కు చూశాడు. నేను బుచ్చయ్య దిక్కు చూశాను. మా ఊరివాళ్లలో దగ్గరున్నది ఆయనే.

బుచ్చయ్య గొప్పగా ముందుకొచ్చాడు. "గీయన మా ఊరాయనే. మా..." అని ఆగాడు. తల గోక్కున్నాడు. ఎంత వెతికినా పేరు దొరకలేదు. "మా గొర్లాయన" అన్నాడు చివరికి.

"గొర్లాయన అని చదవాలెనా?" అన్నాడు మైకువాడు.

"వద్దు" అన్నాను. వాడి చేతిలోంచి మైకు గుంజుకున్నాను.

"ఐలేశం" అన్నాను. "బండమీదిపల్లె ఐలేశం."

బాకాలోంచి నా గొంతు నాకే వినబడింది. బజారు గోడలకు తగిలి ఆ పేరు మళ్లీ వచ్చింది. చాటుకు కూడా ఎన్నడూ పలకని పేరు, మక్తల్ సంతంతా విన్నది. బిక్షమ్మ మూతి మీద చెయ్యేసుకుంది. నాకు సిగ్గు రాలేదు. ఇంకోసారి కూడా అన్నాను.

మా ఆయన ఎవరో పిలిచారనుకొని "ఆఁ" అన్నాడు.

అది కూడా మైకులో పడింది.